ఊడని కుట్టు

మా ఆయన కుట్టిన సీటు కవరు ఊడిపోయిందని చెప్పినవాడు ఈ వీధిలో ఎవడూ లేడు. నేను గొప్పకి చెప్పడం లేదు. ఆ గొప్ప చెప్పుకునే పని ఆయనే చూసుకునేవాడు, నాకేమీ మిగిల్చేవాడు కాదు. కొత్తగా ఎవరైనా కారు తెచ్చి షాపు ముందు ఆపితే, కుట్టి పెట్టిన కవరొకటి తీసి వాళ్ళ చేతికిచ్చి, కుట్టు దగ్గర రెండు వైపులా పట్టుకుని లాగమనేవాడు. వాళ్ళు మొహమాటంగా లాగితే ఒప్పుకునేవాడు కాదు. పగవాడి చొక్కా అనుకుని లాగమనేవాడు. వాళ్ళు లాగి లాగి, వేళ్ళు ఎర్రబడి నవ్వేస్తే, అప్పుడు కవరు వెనక్కి తీసుకుని దుమ్ము దులిపి మడత పెట్టేవాడు. బేరం అక్కడితో అయిపోయినట్టే. అందుకే వీధిలో అందరూ ఆయన్ని గట్టి మాస్టారు అంటారు.

కింద షాపు, పైన ఇల్లు. వీధంతా కార్ల షాపులే. మాకు ఒక పక్కన అద్దాలు బిగించేవాళ్ళు, ఇంకో పక్కన టైర్లవాళ్ళు. పొద్దున్నించీ సుత్తి దెబ్బలు, హారన్లు, రబ్బరు వాసన. ఆయన మిషను ముందు కూర్చుంటాడు. నేను వెనక బల్ల దగ్గర స్పాంజి కోస్తాను, దారానికి మైనం పడతాను, బాబిన్లు చుడతాను. మిషను కుట్టుకి రెండు దారాలు కావాలి. పైదారం సూదిలోంచి దిగుతుంది, అది అందరికీ కనిపిస్తుంది. కింది దారం బాబిన్‌లోంచి వస్తుంది, అది కవరు లోపలి వైపు ఉండిపోతుంది. నాన్న పైదారం, అమ్మ కింది దారం అని మా అమ్మాయి ఎగతాళి చేసేది. ఎగతాళే అయినా నిజమే. ఆయన పేరు బయట, నా పని లోపల.

ఏ కవరైనా మొదట పక్క కుట్టు దగ్గరే పోతుందని ఆయన నమ్మకం. కారెక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి ఒళ్ళు రాసుకునేది సీటు వీపుకి తలుపు వైపున్న అంచునే. అందుకని ఆ పక్క కుట్టు అన్నిటికన్నా చివర వేసేవాడు, దాని మీద మళ్ళీ వేసేవాడు, ఆ పైన ఇంకోసారి వేసేవాడు. ఆ కుట్టు వేసేటప్పుడు మాట్లాడేవాడు కాదు, మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు. నేను అక్కడ ఊపిరి పీల్చినా చప్పుడే.

మాకు ఒక్కతే అమ్మాయి. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. కదల్లేని పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకొచ్చేది. రోజంతా తిరుగుడే కాబట్టి సొంతంగా కారు కొనుక్కుంది. ఆ కారు వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో కొత్త చట్టం మొదలైంది. ఎక్కినవాళ్ళందరూ బెల్టు పెట్టుకునేదాకా బండి స్టార్టయ్యేది కాదు. వెనక సీటుకి మినహాయింపు లేదు, ముసలివాళ్ళకి లేదు, పక్క సందుదాకా వెళ్ళేవాళ్ళకీ లేదు. మా తమ్ముడు దానికి కండక్టరమ్మ అని పేరు పెట్టాడు.

నాకు ఆ బెల్టు మెడకి గుచ్చుకునేది. ఒకరోజు ఎవరికీ తెలియకుండా దాన్ని చంక కిందికి జార్చాను. కండక్టరమ్మ అద్దంలో చూసి నడి సందులో బండి ఆపేసింది. వెనక స్కూటర్లవాళ్ళు తిట్టుకుంటున్నా కదల్లేదు.

"అమ్మా, అది చంకలో పెట్టుకునే సంచీ కాదు. భుజం మీంచి రావాలి. చంక కింద ఉంటే పక్కటెముకలు విరుగుతాయి."

మా తమ్ముడికి పెద్ద పొట్ట. బెల్టు పొట్ట మీద పెట్టుకుని, ఎయిర్‌బ్యాగులున్న కారులో ఇంకా ఈ బెల్టు దేనికని అడిగేవాడు. అమ్మాయి దిగివచ్చి, ఆ పట్టీని పొట్ట కిందికి, తుంటి ఎముకల మీదికి లాగి సర్దేది. బెల్టు మనిషిని సీట్లో ఆపుతుందని, అలా ఆగిన మనిషికే బ్యాగు మెత్తగా తగులుతుందని, ఆగకుండా ముందుకు పడిన మనిషిని ఆ బ్యాగే గుద్దుతుందని చెప్పేది. డాష్‌బోర్డు మీద వాడు పెట్టిన సెంటు సీసా తీసి చేతిలో పెట్టేసింది. బ్యాగు తెరుచుకుంటే ఆ సీసా వచ్చి పళ్ళలో దిగుతుందట. వాడు మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో వస్తానంటే, పిల్లని వెనక చిన్న కుర్చీలో కట్టేదాకా వాళ్ళ గుమ్మం ముందు నుంచి బండి కదల్లేదు. ఇంత చాదస్తం మనవైపు ఎవరికుంది అని వాడు నన్ను అడిగాడు. నేను మిషను ముందున్న ఆయన వైపు చూపించాను.

మా షాపులో అప్పట్లో చిన్న క్లిప్పులు అమ్మేవాళ్ళం. బెల్టు పెట్టుకోకపోతే కారు కీచుమంటుంది కదా, ఆ కీచు ఆపడానికి బెల్టు కొక్కెం పెట్టేచోట ఈ క్లిప్పు గుచ్చేస్తే చాలు. కారు మోసపోయి ఊరుకుంటుంది. అమ్మాయి ఒకనాడు ఆ డబ్బా మొత్తం తీసుకెళ్ళి వీధి చివర చెత్తకుండీలో కుమ్మరించి వచ్చింది. ఆయన కొన్నాళ్ళు దాంతో మాట్లాడలేదు. అది అన్నం పెట్టమంటే నా వైపు చూసి, దానికి అన్నం పెట్టమని చెప్పు అనేవాడు. ఆ తర్వాత మాత్రం ఆ క్లిప్పులు తెప్పించలేదు. ఎవరైనా అడిగితే అవి ప్రాణం తీస్తాయండీ అని, అమ్మాయి మాటలే తనవిగా చెప్పి పంపేవాడు.

కారు వచ్చిన కొద్దిరోజులకే దానికి కవర్లు కుట్టాడు. బూడిదరంగు రెక్సిన్ మీద ఎర్రదారం, రెండూ అదే ఎంచుకుంది. కంపెనీ సీటు పక్కన, సరిగ్గా పక్క కుట్టు పడేచోట, చిన్న గుడ్డ ముద్ర ఒకటి, చొక్కా లేబుల్ లాంటిది, వేలాడుతూ ఉంది. దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసుంది. ఆయన చదివాడు. కారులో బ్యాగులున్నాయని చెప్పుకునే ముద్ర అనుకున్నాడు, డిక్కీ మీద మోడల్ పేరు ఉన్నట్టు. ముందు వచ్చే బ్యాగుల సంగతి మాకందరికీ తెలుసు, సీటు పక్కన కూడా ఒకటి దాక్కుని ఉంటుందని ఎవరికి తెలుసు? కవరు కింద ఆ ముద్ర మరుగున పడిపోతే అందం చెడుతుందని, దాన్ని జాగ్రత్తగా విప్పి తన కవరు పక్క కుట్టులో పెట్టి కుట్టాడు. కూతురి కారు కాబట్టి ఎప్పుడూ వేసే వరసల మీద ఇంకో వరస వేశాడు. దారానికి మైనం పట్టింది నేనే.

అమ్మాయి సీటు మీద అరచేత్తో నిమిరి చూసుకుంది. కారు మారినా ఈ సీటు మాత్రం వెంట తీసుకుపోతానంది. ప్రతిదీ పట్టి పట్టి చూసే పిల్ల, నాన్న చేసిందాన్ని మాత్రం పట్టి చూడలేదు. ముద్ర ఉండాల్సిన చోటే కనిపిస్తోంది కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకుని ఉంటుంది.

*

నాలుగు రోడ్లు కలిసేచోట నీళ్ళ ట్యాంకరు ఆగలేదు. పట్టపగలు. మా అమ్మాయి వైపు తలుపుని గుద్దింది. అది బెల్టు పెట్టుకునే ఉంది. పోలీసులు చెప్పారు, ఆస్పత్రిలో చెప్పారు, చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పారు. బెల్టు పెట్టుకుందటండీ పాపం అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. పెట్టుకోకపోయి ఉంటే వీళ్ళకి దాన్ని ఒక మాట అనడానికి వీలుండేది, ఇప్పుడు ఆ వీలు లేక జాలిపడుతున్నారు అనిపించేది. అంత దుఃఖంలోనూ నా వెటకారం పోలేదు.

కారుని ఒక షెడ్డులో పెట్టారు. ఇన్సూరెన్సు సర్వేయరు చూడటానికి వస్తాడని కబురొస్తే ఇద్దరం మా తమ్ముడి కారులో వెళ్ళాం. వెళ్ళేముందు ఆయన మాట్లాడకుండా సంచిలో స్పానర్లు వేసుకున్నాడు. ఆ సీటు విప్పి ఇంటికి తెచ్చుకోవాలని ఆయన కోరిక. దానికి షెడ్డు యజమానిని అడగడానికి లోపలి గదిలోకి వెళ్ళాడు. తమ్ముడు కారు దిగలేదు. నేనూ సర్వేయరూ కారు దగ్గర మిగిలాం.

సర్వేయరు నెమ్మదైన మనిషి. నేనెవరో అడిగి తెలుసుకున్నాడు. తలుపు కోసి తీసేసిన వైపు నుంచి వంగి సీటు పక్కన చెయ్యి పెట్టి నొక్కి చూశాడు. మళ్ళీ నొక్కాడు. ఈ కవర్లు ఎక్కడ కుట్టించారని అడిగాడు. మేమే కుట్టామని చెప్పాను. సర్వేయరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత చెప్పాడు. ఈ రకం కార్లకి ముందే కాకుండా పక్కన కూడా బ్యాగు ఉంటుందట. సీటు వీపులోపల, తలుపు వైపు మడతపెట్టి ఉంటుందట. పక్కనుంచి దెబ్బ తగిలితే రెప్పపాటులో బయటికొచ్చి మనిషికీ తలుపుకీ మధ్య అడ్డం పడుతుందట. అది బయటికి రావడానికి కంపెనీవాళ్ళు ఆ పక్క కుట్టుని కావాలనే బలహీనమైన దారంతో కుడతారట. అది చిరగడానికే ఉన్న కుట్టు.

నన్ను కూడా నొక్కి చూడమన్నాడు. నొక్కాను. ఎర్రదారం వరసలు వరసలుగా, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ముద్ర కూడా అలాగే ఉంది. దాని వెనక, లోపల, బ్యాగు గుడ్డ ఉండచుట్టుకుని గట్టిగా తగిలింది. బయటికి దారి దొరక్క వెనక్కి పొడుచుకుపోయి స్పాంజిని చీల్చుకుంది.

"ఊడి ఉంటే బతికేదా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేరమ్మా. బతికేదేమో. ట్యాంకరు కదా, అయినా పోయేదేమో. అడ్డం మాత్రం ఉండేది."

మా ఆయనకి చెప్పొద్దని అడిగాను. చెయ్యి పట్టుకుని అడిగాను. చెప్పనన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, మీ ఆయన ఇంకా కుడుతున్నాడా అని మాత్రం అడిగాడు.  ఆ ప్రశ్న నాతోపాటే ఇంటికొచ్చింది.

సీటు విప్పి తమ్ముడి కారు డిక్కీలో పెట్టి తాడుతో కట్టారు. తిరిగి వచ్చేటప్పుడు నేను అలవాటు కొద్దీ బెల్టు చంక కిందికి జార్చాను. మళ్ళీ తీసి భుజం మీద పెట్టుకున్నాను. తమ్ముడు పట్టీ పొట్ట కిందికి లాక్కుని బండి తీశాడు. 

*

ఆయన ఆ సీటుని షాపులో గోడవారన నిలబెట్టాడు. ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. వచ్చినవాళ్ళకి చూపించేవాడు. కారు నుజ్జయిపోయిందండీ, తలుపు తలుపులా లేదు, ఇది చూడండి, ఒక్క పోగు కదల్లేదు అనేవాడు. వాళ్ళు ముట్టుకుని చూసి తల ఊపేవాళ్ళు. ఆయనకి బిడ్డ పోయినచోట తన పని నిలబడిందని ఓదార్పు. నేను వెనక బల్ల దగ్గర కూర్చుని ఆ మాట రోజూ వినేదాన్ని. 

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. పిల్లని చంపింది నీ చెయ్యే అని చెప్పినట్టే అవుతుంది. నేను అలా చెప్పను, కానీ ఆయన అలాగే వింటాడు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఇప్పుడు వచ్చే కొత్త కార్లలో చాలావాటికి ఆ పక్క బ్యాగు ఉంది. షాపు ముందు ఆగిన ప్రతి కారులోనూ ఎవరో ఒక కూతురు ఉన్నట్టే ఉండేది నాకు. వెనక సీట్లో పిల్లలు దిగుతుంటే చూడలేకపోయేదాన్ని. ఆ మధ్యలో ఎన్ని కార్లకి కుట్టామో నేను లెక్కపెట్టదలచుకోలేదు.

చివరికి నాకు చేతనైంది చేశాను. నా చేతిలో ఉన్నది కింది దారం ఒక్కటే. చేతికుట్టుకి వాడే సన్నటి నూలుదారం, అటు లాగితే ఇటు తెగేది, అదే రంగులో కొన్ని ఉండలు తెచ్చి బాబిన్లకి చుట్టి పెట్టుకున్నాను. పక్క కుట్టు ఆయన చివర వేస్తాడు కదా. ఆ వేళకి ఉన్న బాబిన్ అయిపోవచ్చిందని చెప్పి తీసి, ఇది ఇచ్చేదాన్ని. పైదారం ఎంత గట్టిదైనా కింది దారం తెగితే కుట్టు నిలవదు. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆయన నా బాబిన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఆ నమ్మకం మీదే నేను దొంగపని చేశాను.

కొన్నాళ్ళకి ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. మంచి ఒళ్ళున్న మనిషి, రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతాడో. అతని సీటు పక్క కుట్టు నోరు తెరుచుకుంది. గట్టి మాస్టారి కుట్టు కూడా ఊడుతుందా అని అతను నవ్వుతూనే అన్నాడు. టైర్ల షాపువాళ్ళు కూడా వచ్చి చూసి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. కవరు విప్పి, మళ్ళీ కుట్టి బిగించి పంపాడు. ఆ వెనకే ఇంకొకరు వచ్చారు. ఆ తర్వాత ఒక టీచరమ్మ వచ్చింది. ఆయన దారం అమ్మే షాపుకి వెళ్ళి, ఎన్నేళ్ళుగానో తెలిసిన మనిషితో పోట్లాడి వచ్చాడు. దారంలో లోపం లేదని వాళ్ళు లాగి చూపించారట.

ఆ సాయంత్రం మిషను ముందు కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటున్నాడు. నేను టీ తెచ్చి పెట్టాను. చాలాసేపు ముట్టుకోలేదు.

"చేతిలో పట్టు పోయిందే. అమ్మాయితోపాటే పోయింది."

నాకు ఏడుపొచ్చింది. పట్టు పోవడం కాదు, ఆ పట్టే ఎక్కువైందని చెప్పాలి నేను. నాలిక చివరిదాకా వచ్చింది. టీ చల్లారిపోయిందని చెప్పి గ్లాసు తీసుకుని పైకి వెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి ఆయన బాబిన్లు తానే చుట్టుకోవడం మొదలుపెట్టాడు. నా మీద అనుమానంతో కాదు, తన చేతుల మీద అనుమానంతో. పక్క కుట్టు మిషను మీద వేసి, ఆ పైన దబ్బనంతో మళ్ళీ చేత్తో కుట్టేవాడు. ఆ వారం ఒక చిన్న కుటుంబం కొత్త కారు తెచ్చింది. భార్య కడుపుతో ఉంది. బెల్టు ఎలా పెట్టుకోవాలో మా ఆయనే చెప్పాడు ఆమెకి, పట్టీ కడుపు మీద కాదమ్మా, కడుపు కింద తుంటి మీద పెట్టుకోవాలి, మా అమ్మాయి చెప్పేది అని. చెప్పి, లోపలికొచ్చి ఆమె కూర్చునే సీటు కవరు తీసుకుని పక్క కుట్టు మొదలుపెట్టాడు. సీటు మీది ముద్ర విప్పి అప్పటికే బల్ల మీద పెట్టుకున్నాడు.

నేను వెళ్ళి మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపాను. ఆయన తలెత్తి చూశాడు. ఆ కుట్టు మధ్యలో ఎవరూ ఆయన్ని ఆపలేదు ఎప్పుడూ.

"ఇక్కడ కుట్టకూడదు. ఇది ఊడాల్సిన కుట్టు. లోపలి బ్యాగు ఇక్కడినుంచే బయటికి రావాలట."

"ఎవరన్నారు?"

"సర్వేయరు. షెడ్డులో చెప్పాడు."

ఆయన బల్ల మీది ముద్ర వైపు చూశాడు. అక్కణ్ణించి గోడవారనున్న సీటు వైపు చూశాడు. నేను ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. కానీ మొదలుపెట్టాక ఆగలేదు, బాబిన్ల సంగతి కూడా చెప్పేశాను. ఆ కుట్లు ఊడింది మీ చేతుల వల్ల కాదు, నా దారం వల్ల అన్నాను. అది విని ఏమైనా తేలికపడతాడేమోనని ఆశపడ్డాను. ఆయన ఆ మాట విన్నట్టే లేదు.

"అంటే ఈ సీటు తెచ్చేటప్పటికే నీకు తెలుసు."

"తెలుసు."

"నేను అందరికీ చూపిస్తుంటే వింటూ కూర్చున్నావు."

"విన్నాను."

"ఊడి ఉంటే బతికేదా?"

"ఎవరూ చెప్పలేరన్నాడు."

"చెప్పలేరా, నువ్వు చెప్పట్లేదా?"

ఒట్టేసి చెప్పాను. ఆయన నమ్మాడో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. లేచి కత్తెర తీసుకుని, సగం వేసిన పక్క కుట్టు కత్తిరించేశాడు. ముద్ర తీసుకుని బయటికెళ్ళి, ఆ కారు సీటుకి దాని చోట దాన్ని నాలుగు వదులు కుట్లతో తగిలించి, కవర్లు ఇవ్వలేనని వాళ్ళకి చెప్పాడు. ఆ కడుపుతో ఉన్న అమ్మాయి భర్తకి కోపమొచ్చింది. కుట్టడం చేతకాకపోతే ముందే చెప్పాలి కదా అన్నాడు. చేతకాదు బాబూ, వెళ్ళండి అన్నాడు మా ఆయన.

*

ఆ తర్వాత ఆయన చేసిన పని వీధిలో అందరికీ పిచ్చిగా కనిపించింది. కుట్టించుకున్నవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఫోను చేసి రమ్మన్నాడు. రాని వాళ్ళ ఇళ్ళకి బ్లేడు జేబులో పెట్టుకుని తానే వెళ్ళాడు. సీటు పక్కన ముద్ర ఉందేమో వెతికేవాడు, తన చేత్తో కవరు మీదికి ఎక్కించినవీ, కవరు కింద మరుగున పడినవీ. ఉన్నచోటల్లా పక్క కుట్టు పైనుంచి కిందిదాకా కోసి, ఆ భాగం తెరిచి వదిలేసేవాడు. బాగున్న కవరు ఎందుకు పాడుచేస్తున్నావని అడిగేవాళ్ళు. ఇక్కడ కుట్టకూడదు, తెలియక కుట్టాను అని మాత్రం చెప్పేవాడు. అమ్మాయి ఊసెత్తేవాడు కాదు. కొందరు తిట్టారు. టాక్సీ డ్రైవరు మాత్రం కోయించుకుని, చాలాసేపు స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చుని వెళ్ళాడు. ఇల్లు మారిపోయి దొరకనివాళ్ళు కొందరున్నారు. వాళ్ళ గురించి ఆయన మాట్లాడడు, నేనూ మాట్లాడను. రోడ్డు మీద బూడిదరంగు సీట్లున్న కారు కనిపిస్తే ఇద్దరం ఆగి చూస్తాం.

కవరు లాగి చూడమని ఎవరికీ ఇవ్వడం మానేశాడు. ఇప్పుడు షాపులో కింద పరిచే మ్యాట్లు, స్టీరింగు తొడుగులు అమ్ముతున్నాం. ఆ పక్క బ్యాగు లేని పాత కార్లవాళ్ళు ఎవరైనా వస్తే తప్ప మిషను తిరగదు. మాట కూడా తగ్గిపోయింది. అంత గొప్పలు చెప్పే మనిషి, ఆ గొప్పలతో నా ప్రాణం తోడేసిన మనిషి, ఇప్పుడు ఒక్క గొప్ప చెప్పినా బాగుండునని నాకు అనిపిస్తుంది.

అన్ని కుట్లూ కోశాడు కానీ గోడవారనున్న సీటుని మాత్రం ముట్టుకోలేదు. దాని మీద దుప్పటి కప్పాడు. 

మొన్న మధ్యాహ్నం భోజనానికి పిలవడానికి కిందికి దిగాను. షట్టరు సగం దించి ఉంది. దుప్పటి కింద పడి ఉంది. ఆయన సీటు ముందు నేలమీద కూర్చుని, పక్క కుట్టుకి అటూ ఇటూ వేళ్ళు బిగించి లాగుతున్నాడు. మోకాలు సీటుకి తన్నిపట్టి, పళ్ళు బిగపట్టి లాగుతున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఆ ముద్ర బయటికి కనిపిస్తోంది. గోళ్ళ దగ్గర చర్మం లేచి రక్తం వస్తోంది.

నేను బల్ల మీంచి బ్లేడు తీసుకెళ్ళి ఇచ్చాను. తీసుకోలేదు.

"లోపలున్న బ్యాగుకి ఎవరిచ్చారే బ్లేడు?" అన్నాడు.

బ్లేడు పక్కన పెట్టి నేనూ కింద కూర్చున్నాను. ఒక అంచు ఆయన పట్టుకున్నాడు, రెండో అంచు నేను పట్టుకున్నాను. ఇద్దరం మా బలమంతా పెట్టి లాగాం. చాలాసేపు లాగాం. ఊడలేదు.